క్వింబీ కొట్టు ఇత్తడి ప్లేటు

ఈమధ్య ఒకరింట్లో భోజనాల దగ్గర, ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న ఒకమ్మాయి నన్నడిగింది. "ఆంటీ, రిటైరయ్యే ముందు మీరు ఏం జాబ్ చేసేవారు?"

"ఎవరేం చెప్పినా నమ్మకపోవడం" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. పదమూడేళ్లు నాకు జీతం ఇచ్చింది అందుకే. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తను కెమిస్ట్రీ చదివిందని, పాత వస్తువుల్ని పరీక్షించే పనిలోకే వెళ్దామనుకుంటోందని తర్వాత చెప్పింది. ఆ పూట ఆమెకి సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకని ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకున్నానో రాయను. అవి ఎవరైనా చెప్తారు.

రెండు బాకాలు

విశాఖలో ఎమ్మెస్సీ చదివి, పెళ్లయ్యాక మిషిగన్ వచ్చాను. మా ఆయన రామ్మోహన్ కార్ల ఇంజనీరు. నేను కార్లకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పెయింట్ ల్యాబ్‌లో ఉండేదాన్ని. పెయింట్ ఎందుకు పొరలుగా లేస్తుంది, ఎండకి ఎలా పాలిపోతుంది, కింద ఎన్ని పూతలున్నాయి, ఇదీ పని. 2001 చివర్లో ఆ ల్యాబ్ మొత్తాన్ని మూసేశారు.

అప్పుడు మార్జరీ అనే ఆవిడ ఫార్మింగ్టన్ హిల్స్‌లో చిన్న ఆఫీసు నడిపేది. పాత కార్లు, పాత సంగీత వాయిద్యాలు అసలువా నకిలీవా అని తేల్చిచెప్పడం ఆ ఆఫీసు పని. వేలం వేసేవాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు, మ్యూజియంల వాళ్లు వచ్చేవాళ్లు. కార్లకీ వాయిద్యాలకీ సంబంధమేమిటని నేనూ అడిగాను. "రెంటిలోనూ కర్ర, ఇత్తడి, తోలు, వార్నిష్ ఉంటాయి. రెంటినీ అమ్మేవాళ్లు కథలు చెప్తారు" అంది.

ఇంటర్వ్యూలో నా ముందు రెండు ఇత్తడి బాకాలు పెట్టింది. "ఇందులో ఏది పాతది?"

"చేతిలోకి తీసుకోవచ్చా?" అన్నాను.

తీసుకుని పది నిమిషాలు చూశాను. ఒకటి అంతా ఒకే రంగులో గోధుమగా ఉంది. వేళ్లు తగిలే చోటా అంతే, వేళ్లు ఎప్పటికీ చేరని మడతల్లోనూ అంతే. రెండోదానికి ఎడమ చెయ్యి పట్టుకునే దగ్గర ఇత్తడి అరిగి మెరుపు తేలి, మిగతాచోట మచ్చలు మచ్చలుగా నల్లబడి ఉంది. "మొదటిదాన్ని అమ్మోనియా ఆవిరిలో పెట్టి పాతదానిలా చేశారనుకుంటాను. రెండోది మనుషులు వాయించింది. ఎంత పాతదో మాత్రం చెప్పలేను" అన్నాను.

మిగతావాళ్లంతా ఎంత పాతదో కూడా చెప్పేశారట. ఆ చివరి మాట వల్లే ఉద్యోగం ఇచ్చానని మార్జరీ తర్వాత చెప్పింది.

పేజీ మధ్యలో గీత

మొదటిరోజు నాకో నోటుబుక్కు ఇచ్చి, ప్రతి పేజీకీ మధ్యలో నిలువుగా గీత గీయమంది. ఎడమవైపు కంటితో చూసింది రాయాలి. కుడివైపు నేను అనుకున్నది రాయాలి. రిపోర్టులోకి ఎడమవైపు రాసింది మాత్రమే వెళ్లాలి. కుడివైపు రాసినదాంట్లోంచి ఒక్క వాక్యం జారి రిపోర్టులో పడినా ఎర్ర ఇంకుతో కొట్టేసేది. మొదటి రెండేళ్లలో ఎంత ఎర్ర ఇంకు తిన్నానో చెప్పలేను.

అమ్మేవాళ్లతో ముందుగా మాట్లాడకూడదన్నది కూడా ఆఫీసులో నియమమే. వాళ్ల కథ చెవిలో పడితే కళ్లు ఆ కథనే వెతుకుతాయని మార్జరీ భయం. వస్తువుని చూసి ఎడమవైపు రాయడం పూర్తయ్యాక, అప్పుడు అడగాలి. ఆ రెండో సగాన్ని నేను ఎలా మర్చిపోయానో తర్వాత చెప్తాను.

మనవాళ్ల దగ్గర నిజం చెప్పడం ఇంకా కష్టం. సాంబశివరావు గారని ఒకాయన, నర్సరావుపేటలో లెక్చరర్‌గా చేసి, ఇక్కడ కూతురి దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చారు. ఎవరింట్లోనో సామాన్లు అమ్ముతుంటే ఓ వయొలిన్ కొన్నారు. లోపల ఇటలీ మేస్త్రి పేరు, మూడొందల ఏళ్ల కిందటి సంవత్సరం అచ్చువేసిన చీటీ అంటించి ఉంది.

"చూడమ్మా, స్పష్టంగా రాసుంది కదా" అన్నారు.

"బాబాయ్‌గారూ, ఆ చీటీలు వేలల్లో అచ్చువేశారండీ. ఫ్యాక్టరీలో చేసిన ప్రతి వయొలిన్‌లోనూ అంటించేవాళ్లు. ఇది అలాంటిదే."

"నువ్వు వాయించి చూశావా?"

"నాకు వాయించడం రాదండీ."

"మరి ఎలా చెప్తావమ్మా?"

కర్ర అంచు చుట్టూ ఉన్న గాడి చేత్తో చెక్కింది కాదని, అచ్చులో నొక్కిందని భూతద్దంలోంచి చూపించాను. ఆయన చూడనన్నారు. ఆ తర్వాత వాళ్లింట్లో వ్రతానికి మమ్మల్ని పిలవలేదు. అప్పుడు నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. నిజం చెప్పి నష్టపోయాను కదా అని. ఆ గర్వం మంచిది కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంట్లోనూ అదే వరస మొదలైంది. పాలడబ్బా మీద తేదీ చూసి, వాసన చూసి, మళ్లీ తేదీ చూసేదాన్ని. బంధువుల ఫోటోల్లో నగలు చూసి ఏవి గిల్టువో చెప్పేదాన్ని. "నాకు కూడా ఓ రిపోర్టు రాసెయ్యి హైమా, ఒరిజినల్ అవునో కాదో" అన్నాడు మా ఆయన ఒకసారి. ఇద్దరం నవ్వుకున్నాం కానీ, ఆయన గొంతులో విసుగు నాకు వినిపించింది.

క్వింబీ కొట్టు

ఇక అసలు సంగతి. అది 2008. చుట్టూ కార్ల కంపెనీలు కూలబడుతున్న రోజులు. మా వీధిలోనే రెండిళ్లు ఖాళీ అయ్యాయి. మా ఆఫీసుకి కూడా పని సగం తగ్గింది.

లాన్సింగ్ దాటి ఇంకో గంట వెళ్తే ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో నూటపాతికేళ్ల కిందట ఎజ్రా క్వింబీ అనే ఆయన సంగీత వాయిద్యాల కొట్టు పెట్టాడు. బాకాలు, వయొలిన్‌లు, పియానోలు అమ్మేవాడు కానీ, అన్నింటికంటే ఎక్కువ అమ్మింది కాళ్లతో తొక్కి వాయించే ఆర్గన్‌లు. మన పద్యనాటకాల్లో లెగ్ హార్మోనియం ఉండేది చూడండి, దాన్నే బీరువా అంత చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అప్పట్లో ఏ ఇంటి ముందుగదిలో చూసినా ఒకటి ఉండేది. కొన్నాళ్లకి క్వింబీ సైకిళ్లు తెచ్చాడు. ఆ తర్వాత, గుర్రబ్బండ్ల మధ్యలో, మోటారు కార్లు తెచ్చి పియానోల పక్కనే నిలబెట్టాడు. ఊరివాళ్లకి పిచ్చిపట్టిందేమో అనిపించిందట. ఆయన మాత్రం ఆర్గన్‌ని ఎలా అమ్మాడో కారునీ అలాగే అమ్మాడు. ఇంటికి తీసుకెళ్లి, ముందు పెట్టి, వాడి చూపించి.

కొట్టు నుంచి వెళ్లే ప్రతి వస్తువుకీ అగ్గిపెట్టెంత ఇత్తడి ప్లేటు కొట్టేవాడు. దాని మీద ఆయన పేరు, ఒక నంబరు. ఆ ప్లేటున్న ఆర్గన్‌లు ఆ చుట్టుపక్కల కొల్లలు, ఉచితంగా ఇస్తామన్నా తీసుకెళ్లేవాళ్లు ఉండరు. ప్లేటున్న కారు మాత్రం ఎవరూ చూడలేదు. రిజిస్టర్లు ఎప్పుడో తగలబడ్డాయి.

అలాంటి కారు ఒకటి ఉందని తెలిసింది. వాల్టర్ అనే డెబ్బై ఏళ్ల పెద్దాయన దగ్గర. ఆయన జీవితమంతా ఫ్యాక్టరీలో అచ్చులు కోసే పని చేశాడు. రిటైరయ్యాక పాత కార్లు బాగుచెయ్యడమే లోకం. పాత కార్లవాళ్ల క్లబ్బులో ఇరవై ఏళ్లకు పైగా పోటీలకి జడ్జి. తాతల నాటి కారు, చేతులు వణకడం మొదలయ్యాయి కాబట్టి ఇక ఊరి మ్యూజియంకి అమ్మేద్దామనుకున్నాడు. కొనే ముందు చూసి చెప్పమని మ్యూజియం వాళ్లు మా ఆఫీసుని అడిగారు.

ఆ నెలలోనే మార్జరీకి మోకాలి ఆపరేషన్. "నువ్వే వెళ్లు, నువ్వే సంతకం పెట్టు" అంది. నేను ఒక్కదాన్నే సంతకం పెట్టిన మొదటి రిపోర్టు అది.

ఒక ఫోన్ కాల్

వెళ్లడానికి రెండు రోజుల ముందు హెల్మర్ అనే ఆయన ఫోన్ చేశాడు. పాత కార్లు సేకరించే మనిషి, మా ఆఫీసుకి అంతకుముందు రెండు మూడు పనులు ఇచ్చాడు. మాట మెత్తగా ఉంటుంది.

"వాల్టర్ కారు చూడ్డానికి వెళ్తున్నారటగా. నేను చెప్పకూడదు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆ ప్లేటు విప్పి వెనక చూడండి. ఆయన చేతికి రాని పనంటూ లేదు."

అంతే అన్నాడు. నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఈ ఫోన్ ఎందుకు చేశాడు అని నన్ను నేను అడగలేదు. చూడండి, పాలడబ్బా మీద తేదీని రెండుసార్లు చూసే నేను, ఫోన్ చేసి మరీ అనుమానం అందించిన మనిషిని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఎందుకంటే అనుమానం నాకు ఇష్టమైన వస్తువే. ఎవరైనా పొగిడితే జాగ్రత్తపడేదాన్ని. అనుమానం చేతికిస్తే తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

వాల్టర్ షెడ్డులో కారు నల్లగా, చిన్నగా, గుర్రాన్ని విప్పేసిన బండిలా ఉంది. ఆయన తలుపు తీసి, "మీ పని మీరు చేసుకోండి, నేను లోపలుంటాను" అని వెళ్లిపోయాడు. నియమాలు తెలిసిన మనిషి. అది కూడా నాకు అనుమానంగానే కనిపించింది. నన్ను ఇంత స్వేచ్ఛగా ఎందుకు వదిలేశాడు అనుకున్నాను.

ముందు చెక్క మీద ప్లేటు ఉంది. రెండు స్క్రూలతో బిగించి ఉంది. స్క్రూలు కొత్తవి. ప్లేటుకి నాలుగు బెజ్జాలున్నాయి. మిగతా రెండింటి అంచుల్లో సన్నటి మేకులు దిగిన గుర్తులు. అంటే అంతకుముందు దాన్ని వేరేచోట మేకులతో కొట్టారు. విప్పి వెనక్కి తిప్పాను. ఎర్రటి పాత పూత పెచ్చులు అంటుకుని ఉన్నాయి. అల్ట్రావయొలెట్ లైటు వేస్తే నారింజ రంగులో వెలిగాయి. అది లక్క పాలిష్. కారు చెక్కకి లక్క పాలిష్ లేదు, నల్ల వార్నిష్ ఉంది. ఒక బెజ్జంలో ఎర్ర ఉన్నిగుడ్డ పోగు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆర్గన్ లోపల, వేళ్లతో నొక్కే మెట్ల కింద వేసే గుడ్డ అది.

సందేహం లేదు. ఆ ప్లేటు ఆర్గన్‌ది.

నాకు ఒళ్లు జలదరించింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. వాల్టర్ కిటికీలోంచి చూస్తున్నాడు. నేను ప్లేటు మళ్లీ బిగించి, థాంక్స్ చెప్పి, బయల్దేరాను. "అడగాల్సింది ఏమైనా ఉందా?" అన్నాడు గుమ్మంలో.

"లేదు, అంతా చూశాను" అన్నాను.

చూసిందంతా రిపోర్టులో సరిగ్గానే రాశాను. ప్లేటు ఇంతకుముందు లక్క పాలిష్ వేసిన కర్ర మీద ఉండేది, బహుశా ఆర్గన్ మీద, ఇప్పుడున్న స్క్రూలు కొత్తవి. అక్కడ ఆగితే సరిపోయేది. ఆగలేదు. కారుకి లేని చరిత్ర కల్పించడానికి ఇటీవలి కాలంలో ఎవరో ఈ ప్లేటు మార్చినట్టుందని కూడా రాశాను. పేరు రాయలేదు. రాయక్కర్లేదు కదా. ఇటీవలి కాలంలో ఆ కారు ఉన్నది ఒక్కరి దగ్గరే.

మ్యూజియం వాళ్లు మర్యాదగా వద్దనుకున్నారు. రిపోర్టులో ఏముందో వాల్టర్‌కి చెప్పలేదు. "ప్లేటు విషయంలో కొన్ని ప్రశ్నలున్నాయి" అన్నారట. ఆయన మా ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాడు. అమ్మేవాళ్లు ఒత్తిడి పెడతారని మాకు అలవాటు. నేను ఒక్కసారి కూడా తిరిగి చెయ్యలేదు.

మార్జరీ కర్ర సాయంతో ఆఫీసుకి వచ్చిన రోజు ఆ రిపోర్టు చదివింది. చివరి వాక్యం కింద వేలు పెట్టింది. "ఇది చూశావా, అనుకున్నావా?"

"అంత స్పష్టంగా ఉంటే ఎలా అనుకోకుండా ఉంటాం?"

"ఆయన ఏమన్నాడు?"

"అడగలేదు."

ఆమె కాగితాలు బల్ల మీద పెట్టేసింది. రిపోర్టు వెళ్లిపోయింది, ఎర్ర ఇంకుతో పనిలేదు. నేను ఒక్కదాన్నే మంచి పని చేశానని ఆవిడకి కష్టంగా ఉందనుకున్నాను. అవును, ఆవిడ గురించి కూడా అలాగే అనుకున్నాను.

కొన్ని నెలలకి వాల్టర్ ఆ కారుని హెల్మర్‌కి అమ్మేశాడని విన్నాను. విడిభాగాల కోసమని చవగ్గా కొన్నాడని చెప్పారు.

షోలో కార్డు

అయిదేళ్లు గడిచాయి. మార్జరీ ఆఫీసు వదిలి ఫ్లోరిడా వెళ్లిపోయింది. ఒక వేసవిలో నేనూ రామ్మోహనూ పాత కార్ల షోకి వెళ్లాం. ఎండగా ఉంది. ఆయన నిమ్మరసం తేవడానికి వెళ్లాడు. నేను నడుస్తూ నడుస్తూ ఆ నల్ల కారు ముందు ఆగాను.

తళతళలాడుతోంది. ఎవరూ దాన్ని ముక్కలు చెయ్యలేదు. పక్కన స్టాండు మీద కార్డు. క్వింబీ అమ్మిన కార్లలో మిగిలింది ఇదొక్కటేనని రాసుంది. కింద ఆ ఊరి పాత పేపర్లో క్వింబీ వేసిన ప్రకటన కాపీ. ఇంట్లో ఉన్న ఆర్గన్ తెచ్చి ఇచ్చి కారు తీసుకెళ్లమని, పాత ఖాతాదారుల నంబరు పాతదే ఉంటుందని, ఆర్గన్ మీది ప్లేటు విప్పి వాళ్ల ఎదురుగానే కారుకి బిగిస్తామని అందులో ఉంది. దాని కింద, మ్యూజియం నుంచి సంపాదించినట్టున్నాడు, నా రిపోర్టులోంచి రెండు వాక్యాలు. ఈ ప్లేటు అంతకుముందు ఆర్గన్ మీద ఉండేదని ఒక నిపుణురాలు పరీక్షించి నిర్ధారించారని.

అంటే ప్లేటు ఆర్గన్‌ది కావడమే కారు అసలైనదని చెప్పే సాక్ష్యం. ప్లేటు వెనక శుభ్రంగా ఉంటేనే అనుమానించాల్సింది.

హెల్మర్ మడతకుర్చీలోంచి లేచి వచ్చాడు. "హైమా, మీ రిపోర్టులో మొదటి సగం చాలా బాగా రాశారు" అన్నాడు నవ్వుతూ. నేను కార్డు మళ్లీ మొదట్నుంచి చదివాను. రామ్మోహన్ గ్లాసులు పట్టుకుని వచ్చి నా మొహం చూసి, "ఇంటికి వెళ్దాం పద" అన్నాడు.

సోమవారం క్వింబీ ఊరి లైబ్రరీకి ఫోన్ చేశాను. పాత పేపర్లు చూసే ఆవిడ చాలా ఓపిగ్గా వెతికింది. ఆ ప్రకటనకి కాపీ అడిగినవాళ్ల చీటీలు దాచిపెడతారట. ఇప్పటిదాకా అడిగింది ఒక్కరే, హెల్మర్. ఎప్పుడని అడిగాను. నేను వాల్టర్ షెడ్డుకి వెళ్లడానికి ముందరి చలికాలం.

ప్లేటు వెనక ఏముంటుందో అతనికి నాకంటే ముందే తెలుసు. దాన్ని చూస్తే నేను ఏమనుకుంటానో కూడా తెలుసు.

అప్పటికి మా ఆఫీసు నడుపుతున్న డగ్ అనే కుర్ర మేనేజర్‌కి చెప్పాను. "ఆయన చట్టవిరుద్ధంగా ఏం చేశాడు? ఒక ఫోన్ చేశాడు, ఒక కారు కొన్నాడు. ఇప్పుడు మనం కదిపితే మన పేరే పోతుంది. వదిలెయ్యండి" అన్నాడు. లాయరు కూడా అదే అన్నాడు. వాళ్లన్నది అబద్ధం కాదు. ఆ వారమంతా నేను హెల్మర్‌ని తిట్టుకుంటూ గడిపాను. అలా తిట్టుకోవడం సుఖంగానే ఉంది.

శుక్రవారం రాత్రి భోజనం చేస్తూ రామ్మోహన్ అన్నాడు. "ఆయన నీకు అనుమానం ఇచ్చాడు, సరే. రిపోర్టులో ఆ ఆఖరి వాక్యం ఆయన రాశాడా?"

"లేదండీ. నేనే రాశాను."

"మరి వెళ్లి ఆ పెద్దాయనకి చెప్పు."

వాల్టర్ వంటింట్లో

ఆయన భార్య డొరతీ తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే ఆవిడ మొహం ముడుచుకుపోయింది. లోపలికి రమ్మంది కానీ కూర్చోమనలేదు. వాల్టర్ వంటింటి బల్ల దగ్గర ఉన్నాడు. చేతులు బాగా వణుకుతున్నాయి.

నేను నిలబడే అంతా చెప్పాను. ప్లేటు వెనక చూసింది, రాసింది, హెల్మర్ ఫోన్, షోలో కార్డు. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక అడిగాడు. "ప్లేటు వెనక లక్క ఉందా?"

"ఉందండీ. ఎర్ర ఉన్ని పోగు కూడా."

"అది మా నాయనమ్మ ఆర్గన్" అన్నాడు. "పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఒకరోజు ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి ముందుగదిలో ఆర్గన్ లేదు, వాకిట్లో కారుంది. తాత ఇచ్చేశాడు. ఆర్గన్ పోయినందుకు ఎంత ఏడ్చిందో, ఆ ప్లేటు తెచ్చి కారుకి బిగించినందుకు అంతకంటే ఎక్కువ కోపం వచ్చిందట. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ కారెక్కలేదు. ఎక్కడికైనా నడిచే వెళ్లేది. ఇది ఆవిడే నాకు చెప్పింది. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో."

"మీకు ఇదంతా తెలుసా?"

"నన్ను ఎవరడిగారు? ప్లేటు గురించి ప్రశ్నలున్నాయన్నారు. ఏం ప్రశ్నలో ఎవరూ చెప్పలేదు. మీకు మూడుసార్లు ఫోన్ చేశాను."

డొరతీ లోపలికి వెళ్లి ఒక అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. అందులో తుప్పుపట్టి తల విరిగిన రెండు పాత స్క్రూలు. పెట్టె మీద పెన్సిల్‌తో, క్వింబీ ప్లేటు స్క్రూలు, మార్చిన నెల, సంవత్సరం. ఆవిడ చేతిరాతే. మార్చిన ప్రతిదాన్నీ అలా దాచిపెట్టేవాళ్లు. అలమరలో అలాంటి పెట్టెలు వరసగా ఉన్నాయి. నేను అడిగి ఉంటే ఆ రోజే, షెడ్డులోంచి వంటింట్లోకి వచ్చేంత దూరంలో, నాకు చూపించేవాళ్లు.

మ్యూజియం కారు వద్దన్న మాట క్లబ్బుదాకా పాకి ఉంటుందని, ఆ సంగతి అడిగాను. "ఎవరూ రావద్దనలేదు" అన్నాడు వాల్టర్. "ఒక ఏడాది జడ్జీల లిస్టులో నా పేరు లేదు. పోటీ రోజున కొందరు నన్ను చూసి పక్కకి జరిగి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత నేనే మానేశాను. కారు కూడా చూడబుద్ధి కాలేదు. అతను అడిగాడు, ఇచ్చేశాను."

నేను రాసి తెచ్చిన కాగితం తీసి ఇచ్చాను. మ్యూజియంకీ, క్లబ్బుకీ పంపడానికి రాసింది. కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. ఒకచోట ఆగాడు.

"పొరపాటు జరిగింది అని రాశారు."

"అవునండీ."

"అది కొట్టెయ్యండి. పొరపాటు దానంతట అది జరగదు. ఆయన్ని నేను అడగలేదు అని రాయండి."

పెన్ను తీసి అక్కడే కొట్టేసి అలాగే రాశాను. ఆయన మళ్లీ చదివి, మడిచి, నా చేతికి ఇచ్చాడు. డగ్ ఒప్పుకోడని నాకు తెలుసు. ఆఫీసు పేరు తీసేసి నా పేరు మీదే పంపాను. డగ్‌కి కోపం వచ్చింది. ఇంకో ఏడాదిన్నరకి నేను రిటైరయ్యేదాకా నాకు పెద్ద పనులేవీ ఇవ్వలేదు. అది న్యాయమా కాదా అని నేను లెక్క వెయ్యలేదు.

అడగవలసినవి

ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నా మాట. అనుమానం మంచి పనిముట్టే. అది లేకపోతే ఈ పని చెయ్యలేరు. నేను చూసినవాళ్లలో సగంమంది అబద్ధాలే చెప్పారు. కానీ అనుమానం మనకి దొరికిందా, ఎవరైనా తెచ్చి ఇచ్చారా అన్నది చూసుకోండి. ఇస్తే, ఇచ్చినవాళ్లకి ఏం కావాలో కనుక్కోండి. మీకు చూడగానే ఒళ్లు జలదరించేంత సంతోషం వేసిందంటే ఆ రోజు సంతకం పెట్టకండి. ఎదుటి మనిషి అబద్ధం చెప్తాడనుకున్నా సరే, అడగండి. అబద్ధం చెప్పే అవకాశం ఇవ్వకపోతే నిజం చెప్పే అవకాశం కూడా ఇవ్వనట్టే.

హెల్మర్ దగ్గరే ఆ కారు ఇంకా ఉంది. బహుమతులు గెలుస్తూనే ఉంది. మ్యూజియం వాళ్లు వాల్టర్‌కి క్షమాపణ చెప్తూ ఉత్తరం రాశారు, కారు మాత్రం వాళ్లకి దక్కలేదు.

క్లబ్బు వాళ్లు నా కాగితాన్ని వాళ్ల నెలవారీ మీటింగులో చదువుతామన్నారు. నేనే వచ్చి చదువుతానన్నాను. ఒక చర్చి కింద హాలు, మడతకుర్చీలు, నలభై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది పెద్దవాళ్లు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు. వాల్టర్ వస్తాడనుకోలేదు. చివరి వరసలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను చదివాను. ఆయన్ని నేను అడగలేదు అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను.

అయ్యాక ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. "ఎందుకు అడగలేదు?"

నియమం గురించి చెప్పొచ్చు. హెల్మర్ గురించి చెప్పొచ్చు. "తెలిసిపోయిందనుకున్నాను" అన్నాను.

కాగితం మడుచుకుని కుర్చీల మధ్యలోంచి బయటికి నడిచాను. చివరి వరస దాటుతుంటే వాల్టర్ తన పక్క కుర్చీలో పెట్టిన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. నేను ఆగి, ఆ కుర్చీలో కూర్చున్నాను.